జేడ్ మొక్క మెత్తబడింది: కుండీ ఇప్పుడే మార్చాలా, వానలు తగ్గాకనా?

బాల్కనీ తోట:
విజయవాడలో మాది రెండో అంతస్తు. బాల్కనీలో మూడేళ్ల జేడ్ మొక్క ఉంది. వారం రోజులు ముసురు పట్టాక ఆకులు ముడతలు పడ్డాయి. నీళ్లు చాల్లేదేమో అనుకుని మగ్గుడు పోశాను. మర్నాడు పొద్దునకి కుండీ చుట్టూ ఆకులు రాలి ఉన్నాయి. కాండం మొదట్లో నొక్కితే మాగిన అరటిపండులా ఉంది. వీడియోల్లో వెంటనే పీకి వేళ్లు కడగమంటున్నారు. మా అత్తయ్యగారేమో "ముసురులో వేళ్లు కదిపితే మొత్తానికే పోతుంది, ఎండ రానివ్వు" అంటున్నారు. ఎవరి మాట వినాలి?

ఎర్రమట్టి:
అత్తయ్యగారి మాట వినండి. ఈ తేమ గాలికి కోసిన చోట ఆరదు, అక్కణ్ణుంచే మళ్లీ కుళ్లు మొదలవుతుంది. పోయిన ఆగస్టులో కంగారుపడి కుండీ మార్చి రెండు మొక్కలు పోగొట్టుకున్నాను. వాన పడని చోటికి జరిపి, నీళ్లు ఆపేసి, పైమట్టి గుల్ల చేయండి చాలు.

గులకరాయి:
ఎర్రమట్టి గారూ, మట్టి తడిగా ఉండగా ఆకులు ముడతలు పడ్డాయంటే ఏమిటర్థం? నీళ్లున్నాయి, తాగే వేళ్లే లేవు. ఇంక ఎండ వచ్చేదాకా దేనికోసం ఆగాలి? కాండం గట్టిగా ఉంటే మీరన్నది ఒప్పుకుంటాను. మెత్తబడ్డాక కుళ్లు పైపైకి పాకుతూనే ఉంటుంది.

ఇవాళే పీకండి. చాకుని స్పిరిట్‌తో తుడిచి, మెత్తటి భాగానికి పైన అడ్డంగా కోయండి. కోత మధ్యలో గోధుమరంగు చుక్క ఒక్కటి కనిపించినా చాకుని మళ్లీ తుడిచి ఇంకో అంగుళం పైకి వెళ్లండి. లోపలంతా శుభ్రంగా, లేతాకుపచ్చగా కనిపించేదాకా కోస్తూనే పోవాలి. మనసొప్పదు, తెలుసు. మిగిలిన కొమ్మల్ని నీడలో, ఫ్యాన్ కింద వారం రోజులు వదిలేయండి. కోత మీద చెక్కు కట్టాకే మట్టి. దక్షిణాఫ్రికా పొడి నేలల మొక్క ఇది, ఆకుల్లోనే నీళ్లు దాచుకుంటుంది. వారం ఉపవాసం దీనికో లెక్క కాదు.

ఎర్రమట్టి:
అది కుండీ మార్చడం కాదుగా, కొత్త మొక్క పెంచుకోవడం! సరే, ఈసారైనా అడుగున రెండంగుళాలు గులకరాళ్లు వేయండి, నీళ్లు దిగిపోతాయి.

గులకరాయి:
ఈ పేరు పెట్టుకుని నేనే చెప్పాల్సి వస్తోంది, రాళ్లు వద్దు. తడి స్పాంజిని రాళ్ల మీద పెట్టి చూడండి, నీళ్లు స్పాంజిలోనే ఉండిపోతాయి. సన్న మట్టీ అంతే. రాళ్లు ఎంత ఎత్తు వేస్తే ఆ తడి వేళ్లకి అంత దగ్గరవుతుంది. మట్టిలోనే సగానికి పైగా ముతక ఇసుకో పెర్లైటో (తేలికైన తెల్లటి గుల్ల గుళికలు) కలపండి. చిల్లు మీద దోమతెర ముక్క చాలు.

బాల్కనీ తోట:
పీకేశాను. మధ్యలో నర్సరీ నుంచి వచ్చిన కొబ్బరిపొట్టు ముద్ద అలాగే ఉంది, పిడికిట్లో పిండితే నీళ్లు కారాయి. మూడేళ్ల క్రితం దాన్ని విప్పకుండానే నాటేసినట్టున్నాను. వేరు పట్టుకుని లాగితే పైతొక్క ఊడి చేతికొచ్చింది, లోపల దారం మిగిలింది. కోస్తూ పోతే చివరికి మూడు కొమ్మలు దక్కాయి. అత్తయ్యగారు కోతలకి పసుపు అద్ది పేపరు మీద పరిచారు. పర్వాలేదా?

గులకరాయి:
ఆరడం ముఖ్యం. పసుపు ఆవిడ తృప్తికి ఉండనివ్వండి. నాటాక మొదటి వారం నీళ్లు పోయొద్దు. కొమ్మని రెండు వేళ్లతో మెల్లగా లాగితే పట్టు తగలాలి, అప్పటిదాకా తడి పొదుపుగానే.

ఎర్రమట్టి:
కొమ్మలు దక్కినందుకు సంతోషం. కాండం గట్టిగా ఉన్న మొక్కని మాత్రం నేను వానల్లో ముట్టుకోను.