ఘాట్ దిగేటప్పుడు ఛాతీకి చలి: జేబులో పట్టే వెస్ట్ ఏది తీసుకోవాలి?

కల్వకుర్తి_పెడల్

అందరికీ నమస్తే. మాది కల్వకుర్తి. రోడ్ బైక్ మీద ఎక్కువగా శ్రీశైలం హైవేనే తిరుగుతాను, మామూలు రోజుల్లో డిండి దాకా, తీరిక దొరికితే మన్ననూర్ ఎక్కి ఫర్హాబాద్ దాకా. ఎండాకాలం, వానాకాలం ఏ ఇబ్బందీ లేదు. కార్తీకం దాటిందంటేనే సమస్య. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా అడవిలోకి బండ్లు వదలరు కదా, గేటు తీసే టైముకి మన్ననూర్‌లో ఉండాలని చీకట్లోనే బయల్దేరతాం. హాజీపూర్ నుంచి ఎక్కేసరికి జెర్సీ తడిసి ముద్దవుతుంది. పైన అడవిలో రోడ్డు కాస్త దిగుడు పడగానే ఆ తడి మీద చలిగాలి కొట్టి ఛాతీ పట్టేసినట్టు అవుతుంది, ఈగలపెంట దాటాక డ్యామ్ వైపు వంపులు దిగేటప్పుడైతే పళ్లు టకటకా కొట్టుకుంటాయి.

సంక్రాంతి సెలవుల్లో మా బ్యాచ్ మేట్టుపాళయం నుంచి ఊటీ ఎక్కి మళ్లీ కిందికి దిగాలని ప్లాన్ వేసింది. అందుకే ఇప్పుడే అడుగుతున్నా. చేతులు లేని, గాలి ఆపే పల్చటి విండ్ వెస్ట్ సరిపోతుందా, లేక పూర్తి జాకెట్ కావాలా? కొనేటప్పుడు ఏం చూడాలి? పది వేలు దాటిన విదేశీ బ్రాండ్లకీ, మామూలు వాటికీ రోడ్డు మీద నిజంగా తేడా తెలుస్తుందా? ఇంకోటి, బ్రెవేల్లో (పెట్టిన టైము లోపల పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ రైడ్లలో) వేసుకునే రిఫ్లెక్టివ్ వెస్ట్ నా దగ్గర ఉంది, చలికి అదే సరిపోతే వేరేది ఎందుకు కొనడం అనిపిస్తోంది.

అచ్చంపేట_రోడ్డు

అన్నా, మన రోడ్లకు వెస్ట్ చాలు. ఎందుకో చెప్తా.

పెడల్ మీద 200 వాట్లు పెడుతున్నామంటే ఒంట్లో దానికి మూడు నాలుగింతల వేడి పుడుతుంది. మనం ఖర్చు పెట్టే శక్తిలో సుమారు నాలుగో వంతే చక్రానికి పోతుంది, మిగతాదంతా వేడే. ఎక్కేటప్పుడు గంటకు 10, 12 కిలోమీటర్లు పోతుంటే గాలి సరిగా తగలదు కాబట్టి ఆ వేడి చాలావరకు చెమట రూపంలోనే బయటికి రావాలి. పైకి చేరి దిగుడు మొదలయ్యాక కాళ్లు ఆగిపోతాయి, వేడి పుట్టడం బాగా తగ్గిపోతుంది, స్పీడు 50కి పోతుంది, ఒంటి మీదేమో తడి బట్ట. 10 డిగ్రీల గాలి 50 కిలోమీటర్ల వేగంతో తగిలితే ఒంటికి 5, 6 డిగ్రీల్లా ఉంటుంది, అదీ పొడి ఒంటికి. తడి జెర్సీ మీద ఇంకా ఎక్కువ లాగేస్తుంది. అందుకే డిసెంబర్‌లో ఎక్కేటప్పుడు చలే లేదు అనుకున్న మనిషి పది నిమిషాల్లో వణుకుతాడు.

ఆ గాలి వచ్చేది ముందు నుంచే. ఛాతీ, పొట్ట, భుజాల ముందు భాగం కప్పితే చాలావరకు పని అయిపోయినట్టే. వీపు వైపు జాలీ గుడ్డ ఉండాలి, అప్పుడే లోపలి చెమట బయటికి పోతుంది. వీపు కూడా ముందు వైపు లాగే గట్టి గుడ్డతో కుట్టినవి ఉంటాయి, అవి మనకు వద్దు, మన చలికి లోపల ఉడికిపోతాం.

కొనేటప్పుడు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. ముందు వైపు గుడ్డ ఒక పొర మాత్రమే నోటికి ఆనించి గట్టిగా ఊదాలి, అవతల అరచెయ్యి పెట్టుకోవాలి. చేతికి గాలి ధారాళంగా తగిలిందా, అది వట్టి రంగు బట్ట, పక్కన పెట్టేయ్. కొంచెం కొంచెంగా సోకిందంటే మంచిది, అసలు రాకపోతే ఇంకా గట్టి గుడ్డ. లేబుల్ మీద ఏం రాసి ఉన్నా ఈ పరీక్ష చేసే కొనాలి.

బరువు 70 నుంచి 120 గ్రాముల మధ్య ఉంటే జేబులో పడుతుంది. గుడ్డ 15, 20 డెనియర్ల (దారం ఎంత సన్నదో చెప్పే కొలత) రిప్‌స్టాప్ నైలాన్ అయితే బాగుంటుంది. చిన్న చిన్న గళ్లు కనిపిస్తాయి దాంట్లో, ఎక్కడైనా ముల్లు గీరుకున్నా చిరుగు ఆ గడి దాటి అంత తొందరగా పాకదు.

నల్లగొండ_బ్రెవే

రిఫ్లెక్టివ్ వెస్ట్ సంగతి నేను చెప్తాను, ఎందుకంటే దీని మీద చాలామందికి అపోహ ఉంది. బ్రెవేల్లో రాత్రి పూట అది తప్పనిసరి, కానీ దాని పని మనం లారీ డ్రైవర్లకు కనపడేలా చేయడం, అంతే. మామూలుగా దొరికేవి జాలీతోనో వదులు పాలిస్టర్‌తోనో కుట్టినవి, పక్కలు తెరిచే ఉంటాయి, గాలి ఒకవైపు దూరి ఇంకోవైపు పోతుంది. చలికి దాన్ని నమ్ముకోవద్దు. అలాగని విండ్ వెస్ట్ మీద సన్నగా ఒక మెరిసే గీత ఉంది కదా అని రిఫ్లెక్టివ్ మానేయడం కూడా తప్పే. రెండూ వేసుకోవాలి, విండ్ వెస్ట్ లోపల, రిఫ్లెక్టివ్ పైన. 2027లో ఫ్రాన్స్‌లో జరిగే పెద్ద బ్రెవే పారిస్-బ్రెస్ట్-పారిస్‌కి పోదామనుకునేవాళ్లు మన దగ్గర కూడా ఉన్నారు, అక్కడ రిఫ్లెక్టివ్ వెస్ట్‌కి యూరప్ ప్రమాణం ముద్ర ఉందా లేదా అని చూస్తారు, ఇప్పటి నుంచే అలాంటిది అలవాటు చేసుకుంటే మంచిది.

400, 600 కిలోమీటర్ల బ్రెవేల్లో ఘాట్ లేకపోయినా వెస్ట్ అక్కరకొస్తుంది. 400కి 27 గంటలు, 600కి 40 గంటలు టైము కాబట్టి చాలామందికి ఒక తెల్లవారుజాము రోడ్డు మీదే అవుతుంది. మూడున్నర, నాలుగు గంటలప్పుడు తిండి తగ్గి నిద్ర ముంచుకొస్తుంటే నాగార్జునసాగర్ వైపు చదును రోడ్డు మీద కూడా చలి పుడుతుంది. అప్పుడు జిప్ పైదాకా లాక్కుంటే తేడా వెంటనే తెలుస్తుంది.

ఆడవాళ్లకు ఒక మాట. యునిసెక్స్ అని అమ్మేవి భుజాల దగ్గర వెడల్పుగా, నడుం దగ్గర వదులుగా ఉంటాయి, చంక దగ్గర సందు పడి గాలి నేరుగా లోపలికి దూరుతుంది. మహిళల కటింగ్ దొరికితే అదే తీసుకోండి, లేదంటే చంక దగ్గర టైలర్‌తో పట్టించుకోండి.

దేవరకొండ_గేర్

ఊటీకి వెస్ట్ ఒక్కటే అంటే మాత్రం నేను ఒప్పుకోను. ఊటీ 2240 మీటర్ల ఎత్తు, జనవరిలో పొద్దున్నే గడ్డి మీద మంచు పేరుకుంటుంది. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది, మేట్టుపాళయంతో పోలిస్తే పైన 12 డిగ్రీలు తక్కువ ఉంటుందని లెక్క వేసుకోండి. పైగా ఎడతెగని దిగుడు. ఒళ్లు వణికితే హ్యాండిల్ కూడా వణుకుతుంది, వేళ్లు కొయ్యబారితే బ్రేక్ నొక్కడం కష్టం. జాకెట్ తీసుకెళ్లండి.

1988లో ఇటలీ పెద్ద సైకిల్ రేసు జిరో డి ఇటాలియాలో గావియా కనుమ దగ్గర ఏం జరిగిందో తెలుసుకుంటే చలిని ఎవరూ తేలిగ్గా తీసుకోరు. జూన్ 5న మంచు తుఫానులో 2600 మీటర్ల పైకి ఎక్కారు. యోహాన్ వాన్ డెర్ వెల్డె పొట్టి చేతుల జెర్సీతో అందరికన్నా ముందు పైకి చేరాడు. దిగుడులో ఒళ్లు గడ్డకట్టుకుపోయి ముందుకు కదల్లేక, చివరికి ముప్పావు గంటకు పైగా వెనకపడ్డాడు. ఆండీ హ్యాంప్‌స్టెన్ జట్టు ఆ పొద్దున్నే స్కీయింగ్ దుకాణాలకు పోయి చలి బట్టలు కొనిపెట్టుకుంది. అతను ఆరోజు రేసులో ముందున్నవాడికి ఇచ్చే గులాబీ జెర్సీ తొడుక్కున్నాడు, ఆ జిరో కూడా గెలిచాడు. ఎక్కడం అందరూ ఎక్కారు, దిగడానికి సిద్ధంగా ఉన్నవాడు గెలిచాడు.

అచ్చంపేట_రోడ్డు

దేవరకొండ అన్నా, గావియా సంగతి నిజమే కానీ అది మంచులో. పొడి చలికి వెస్ట్‌తో పాటు ఆర్మ్ వార్మర్లు (చేతులకు విడిగా తొడిగే తొడుగులు), వేళ్లు కప్పే గ్లవ్స్ ఉంటే జాకెట్ అక్కర్లేదని నేనింకా అంటాను. మేట్టుపాళయం దిగుడులోనే చూడు, పైన గడ్డకట్టే చలి, కూనూర్ దాటేసరికి తగ్గుతుంది, కింద ఎండ. జాకెట్ అయితే మధ్యలో ఆగి తీసి, మడిచి, పెట్టుకోవడానికి చోటు వెతుక్కోవాలి. వెస్ట్, వార్మర్లు అయితే ముందు వార్మర్లు మణికట్టు దాకా తోసేయ్, తర్వాత జిప్ సగం తెరువు, తర్వాత వెస్ట్ తీసి జేబులో కుక్కు. నువ్వన్న జాకెట్ ఎప్పుడు కావాలంటే వాన ఉన్నప్పుడు. వెస్ట్ మీద నీళ్లు జారే కోటింగ్ ఉన్నా అది తుంపరకే, జడివానకు ఆగదు. ఊటీలో అక్టోబర్, నవంబర్‌లో ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి, అప్పుడైతే నేనూ వాన జాకెట్ లేకుండా కదలను. జనవరిలో కూడా బయల్దేరే ముందు రోజు వాతావరణం చూసుకోండి, వాన సూచన ఉంటే నీ మాటే నా మాట.

హ్యాండిల్ వణుకు గురించి మంచి మాట చెప్పావు. అలా అయినప్పుడు కంగారుపడి హ్యాండిల్ బిగించి పట్టొద్దు, ఫ్రేమ్ పై రాడ్‌ని రెండు మోకాళ్ల మధ్య నొక్కిపట్టి, మెల్లగా వెనక బ్రేక్‌తో స్పీడు తగ్గించాలి.

పాలమూరు_కుట్టుమిషన్

మాది మహబూబ్‌నగర్‌లో టైలరింగ్ కుటుంబం, నేను సైకిల్ కూడా తొక్కుతా, కాబట్టి కుట్టుడు వైపు నుంచి చెప్తున్నా. ఇంట్లో పాత పల్చటి విండ్‌చీటర్ ఉంటే దాంట్లోంచే మంచి వెస్ట్ తీయొచ్చు. లోపల లైనింగ్ ఉన్నది పనికిరాదు, ఒక్క పొరదే కావాలి. ముందు పైన చెప్పిన ఊదుడు పరీక్ష చేయండి. తర్వాత చేతులు తీసేయాలి, అయితే భుజం కుట్టు మీదే కత్తిరించొద్దు, ఒక అంగుళం లోపలికి జరిగి కత్తిరించాలి. చంక గుండ్రం మీద సన్న ఎలాస్టిక్ పైపింగ్ వేయాలి, వేళ్లు దూరేంత వదులు ఉంటే చాలు. వీపు మీద మెడ కింది పట్టీ మాత్రం ఉంచి, మధ్య భాగం తీసేసి స్పోర్ట్స్ జాలీ గుడ్డ అతికించాలి. కింద అంచుకు వెనక వైపు మాత్రమే ఎలాస్టిక్. ముందు కూడా వేస్తే వంగినప్పుడు పొట్ట దగ్గర పోగుపడుతుంది.

సూది సంగతి టైలర్‌కి గట్టిగా చెప్పండి. ఈ గుడ్డకు సన్న సూది కావాలి, ప్యాంట్లు కుట్టే లావు సూదితో కుడితే ప్రతి కుట్టూ ఒక రంధ్రమే, కొన్నాళ్లకు ఆ వరసంతా చిరుగుతుంది. చాక్‌పీస్‌తో గీతలు పెట్టుకుని బట్టకు క్లిప్పులు పెట్టాలి, గుండుసూదులు గుచ్చొద్దు.

జిప్ గురించి ఎవరూ చెప్పలేదు. కింది నుంచి కూడా తెరుచుకునే జిప్ ఉంటే వెనక జేబులోంచి అరటిపండు తీసుకోవడం సులువు. జిప్ పిడికి రెండంగుళాల తాడు ముక్క కట్టుకోండి, గ్లవ్స్‌తో దొరుకుతుంది. జిప్ వెనకాల లోపలివైపు ఒక పట్టీ ఉండాలి, లేకపోతే ఆ పళ్ల సందులోంచే గాలి ఛాతీ మధ్యలో సన్నగా కొడుతుంది. ఖరీదైన వాటిలో, చవక వాటిలో నాకు కనిపించే అసలు తేడా ఈ కటింగ్, ఈ పట్టీలే.

నల్లగొండ_బ్రెవే

కుట్టుమిషన్ గారూ, ఇది చాలామందికి పనికొస్తుంది, థాంక్స్. ఉతకడం గురించి కూడా చేరుస్తా. ఫ్యాబ్రిక్ సాఫ్టెనర్ అసలు వేయొద్దు, నీళ్లు జారే కోటింగ్ దెబ్బతింటుంది. జిప్ మూసి, చల్లటి నీళ్లలో తక్కువ సబ్బుతో చేత్తో ఉతికి నీడలో ఆరేయాలి. కొన్నాళ్లకు నీటిబొట్లు జారకుండా గుడ్డలోకి ఇంకుతున్నాయంటే, లేబుల్ మీద ఇస్త్రీ ఒప్పుకుంటే, పైన కాటన్ గుడ్డ వేసి తక్కువ వేడి మీద ఒకసారి పోనివ్వండి, కోటింగ్ కొంత తిరిగి పనిచేస్తుంది.

కల్వకుర్తి_పెడల్

ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, అందరికీ చాలా థాంక్స్. మన రోడ్లకు పాలమూరు అన్న చెప్పినట్టు ఇంట్లో ఉన్న విండ్‌చీటర్ కుట్టిస్తా. ఊటీకి వీపు జాలీ ఉన్న వెస్ట్ ఒకటి, ఆర్మ్ వార్మర్లు, గ్లవ్స్ కొంటా, వాన సూచన ఉంటే జాకెట్ కూడా. ఒక్క డౌట్ మిగిలింది. ఎక్కేటప్పుడు వెస్ట్‌ని మధ్య జేబులో పెడితే నడుం చెమటకు అదీ తడిసిపోతోందని మా బ్యాచ్‌లో ఒకరన్నారు. తడిసిన వెస్ట్ వేసుకుంటే లాభం ఉంటుందా?

అచ్చంపేట_రోడ్డు

గాలి ఆపుతుంది కానీ ఆ తడి ఆరేదాకా చలి పెడుతుంది. జిప్ ఉన్న పాలిథీన్ కవర్‌లో పెట్టు, కవర్ మూసే ముందు గాలంతా నొక్కేస్తే అరచెయ్యంత అవుతుంది, పక్క జేబులోకి పోతుంది. పైకి చేరాక దిగుడు మొదలుకాకముందే ఆగి వేసుకో. ఒళ్లు వేడిగా ఉంది కదా, ఒక కిలోమీటరు దిగాక చూద్దాంలే అనుకోవద్దు, ఆ కిలోమీటర్‌లోనే చాలా వేడి పోతుంది, తర్వాత వెస్ట్ వేసినా దాచడానికి లోపల అంత వేడి ఉండదు. మన్ననూర్‌లో ఎక్కుడు అయిపోయాక ఒక పక్కకు ఆగి, జెర్సీ జిప్ పైకి లాగి, దాని మీద వెస్ట్ వేసుకుని, దాని జిప్ మెడ దాకా మూసి అప్పుడు కదులు. అడవి రోడ్డు మీద కోతులుంటాయి, అరటిపండు చేతిలో పట్టుకుని మాత్రం ఆగొద్దు.