ఫారం టెంప్లేట్ల సంతకానికి పదేళ్లు చెల్లే సర్టిఫికెట్ ఎలా?
నమస్కారమండీ. మా ఆఫీసులో సెలవు చీటీలు, ప్రయాణ బిల్లులు ఇప్పటికీ ఇన్ఫోపాత్ (మైక్రోసాఫ్ట్ వారి ఫారాల సాఫ్ట్‌వేర్) ఫారాల్లోనే నడుస్తున్నాయి. అవి ఫుల్ ట్రస్ట్‌లో, అంటే కంప్యూటర్‌పై పూర్తి అనుమతులతో, తెరుచుకోవాలంటే టెంప్లేట్‌కి (ఫారం మూల నమూనాకి) డిజిటల్ సంతకం ఉండాలి, లేదా దాన్ని ప్రతి కంప్యూటర్లో ఇన్‌స్టాల్ చేయాలి కదా. ఆ సంతకానికి కావలసిన సర్టిఫికెట్‌ని విండోస్‌లో కమాండ్లు టైప్ చేసే పవర్‌షెల్‌లో న్యూ-సెల్ఫ్‌సైన్డ్‌సర్టిఫికెట్ కమాండ్‌తో నేనే చేశాను. గడువేమీ ఇవ్వకపోతే అది ఏడాదికే చెల్లుతుందని నాకప్పుడు తెలీదు. మొన్న గడువు తీరింది, 40 కంప్యూటర్లలో ఒకేసారి హెచ్చరికలు!

ఈసారి గడువు తేదీ చెప్పే నాట్‌ఆఫ్టర్ ఆప్షన్‌తో 10 ఏళ్లు పెడదామనుకుంటున్నాను. అదే కమాండ్‌లో టైప్ దగ్గర కోడ్‌సైనింగ్‌సర్ట్ (సంతకాల కోసం వాడే రకం) అని ఇస్తే చాలా? కొత్త సర్టిఫికెట్‌ని విండోస్ నమ్మే సర్టిఫికెట్ల జాబితాలైన ట్రస్టెడ్ రూట్, ట్రస్టెడ్ పబ్లిషర్స్ రెండింట్లోకీ గ్రూప్ పాలసీతో (ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ ఒకేచోట నుంచి సెట్టింగులు పంపే పద్ధతితో) పంపవచ్చా? అన్నిటికన్నా ముఖ్యం, ఇప్పటికే నింపి దాచిన పాత ఫారాలు కొత్త సంతకంతో తెరుచుకుంటాయా? చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి, నెలాఖరు బిల్లులు ఆగిపోయాయి.