టార్క్ దండిగా ఉన్న విద్యుత్ కారులో ట్రాక్షన్ కంట్రోల్ ఆపవచ్చా?

నీలిచక్రం:
నా కారులో మోటారు వెనుక చక్రాలకు మాత్రమే ఉంది. ట్రాక్షన్ కంట్రోల్‌ను (చక్రం జారితే దాన్ని తిప్పే బలాన్ని, అంటే టార్క్‌ను, తగ్గించే ఏర్పాటును) ఆపే మీటను తయారీదారులే ఇచ్చినప్పుడు దాన్ని వాడటం తప్పెలా అవుతుంది? పెట్రోలు కార్లను ఏళ్ల తరబడి అలాగే నడిపాను. మోటారు పాదం చెప్పినట్టు తక్షణం వింటుంది గనుక ఇందులో అదుపు మరింత తేలిక కావాలన్నది నా వాదన.

ఇరుసు:
తక్షణం వింటుందన్నది నిజమే, చిక్కు కూడా అక్కడే ఉంది. పెట్రోలు ఇంజిను వేగం పుంజుకుంటే తప్ప గరిష్ఠ టార్క్ ఇవ్వదు కాబట్టి పాదానికి కాస్త వ్యవధి దొరుకుతుంది. మోటారు నిలిచి ఉన్న స్థితి నుంచే దాదాపు పూర్తి టార్క్ ఇస్తుంది. మోటారు టార్క్ 400 న్యూటన్ మీటర్లు, గేరు నిష్పత్తి 9, చక్రం వ్యాసార్ధం 0.33 మీటర్లు అనుకుంటే, చక్రాలు నేలను నెట్టే బలం సుమారు 10,900 న్యూటన్లు అవుతుంది. 2,000 కిలోల కారు బరువులో సగం వెనుక చక్రాల మీద ఉందనుకుంటే, ఘర్షణ గుణకం 0.9 ఉన్న పొడి రోడ్డు మీద దొరికే పట్టు 8,800 న్యూటన్లు, అది 0.5కు పడిపోయిన తడి రోడ్డు మీద 4,900 మాత్రమే. వేగం అందుకునేటప్పుడు బరువు వెనక్కి వాలి ఈ అంకెలు కొంత పెరిగినా, తడి రోడ్డు మీద సగానికి పైగా టార్క్ అడిగితే టైరు జారక తప్పదు. జారుడు ఒక హద్దు దాటాక ముందుకు నెట్టే పట్టుతో పాటు పక్కకు ఆపే పట్టు కూడా పోతుంది. మలుపులో కారు తోక తిరిగేది అందుకే. మోటారుకు వెళ్లే కరెంటును అదుపు చేసే ఇన్వర్టర్ ఆ జారుడును మిల్లీసెకన్లలో పసిగట్టి టార్క్ తగ్గిస్తుంది. ఆ వేగం ఏ పాదానికీ రాదు, ఎంత అనుభవం ఉన్నా సరే.

పాతబాట:
ఇరుసు గారి లెక్క గట్టి రోడ్డుకు సరిపోతుంది. లోతైన మంచులోనో వదులు ఇసుకలోనో కారు దిగబడినప్పుడు మాత్రం ట్రాక్షన్ కంట్రోల్ టార్క్‌ను కోసేసి కారును కదలనివ్వదు. చక్రం కొంత తిరిగితేనే పై పొరను తోసుకుని కింది గట్టి నేలను అందుకుంటుంది. టెస్లా కార్లలో స్లిప్ స్టార్ట్ అనే అమరిక ఇందుకే ఉంది. అయితే ఒక వైపు చక్రం మాత్రమే మంచుగడ్డ మీద ఉంటే ఆపకండి: ఆ చక్రానికి బ్రేకు వేసి రెండో చక్రానికి టార్క్ అందేలా చేసేది ట్రాక్షన్ కంట్రోలే.

నీలిచక్రం:
దిగబడిన కారు సంగతి ఒప్పుకుంటాను. మరి ఇతర వాహనాలు లేని ట్రాక్ మీద ఆపితే అభ్యంతరం ఏమిటి?

ఇరుసు:
అక్కడ నాకు అభ్యంతరం లేదు. కానీ యాక్సిలరేటర్ నొక్కడం కంటే వదలడం గురించి ఎక్కువ ఆలోచించండి. వెనుక చక్రాలకే మోటారు ఉన్న కారులో పాదం ఒక్కసారిగా తీస్తే రీజెనరేటివ్ బ్రేకింగ్ (మోటారే జనరేటరులా పనిచేసి కారు వేగం తగ్గించడం, క్లుప్తంగా రీజెన్) ఆ చక్రాలనే పట్టి లాగుతుంది. జారే నేల మీద, మలుపు మధ్యలో ఇది హ్యాండ్ బ్రేకు లాగినట్టే పనిచేయగలదు. మీ మీట స్టెబిలిటీ కంట్రోల్‌ను (కారు అదుపు తప్పి పక్కకు తిరగకుండా చూసే ఏర్పాటును) కూడా ఆపుతుందో లేదో కారు పుస్తకంలో చూసుకోండి, ఎందుకంటే చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు.

నీలిచక్రం:
పుస్తకం తీసి చూశాను. నా కారులో మీట ట్రాక్షన్ కంట్రోల్‌ను మాత్రమే ఆపుతుంది, స్టెబిలిటీ కంట్రోల్ పనిచేస్తూనే ఉంటుంది. ట్రాక్ విషయంలో నా మాట మార్చుకోను గానీ, అక్కడికి వెళ్లే ముందు రీజెన్‌ను కనిష్ఠ స్థాయికి తగ్గిస్తాను.