సీఎస్‌ఈ ఫస్టియర్, పాయింటర్లు బుర్రకెక్కట్లేదు

ఇంటర్ దాకా తెలుగు మీడియం అన్నా నాది. లూపులు, అర్రేల వరకు బానే ఉంది గానీ సీ లాంగ్వేజ్‌లో పాయింటర్లు మొదలయ్యాక ఏం అర్థం కావట్లేదు, పక్కవాళ్ళు టకటకా రాసేస్తుంటే భయమేస్తోంది. ఎలా చదవాలి?

జవాబు 1:
తమ్ముడూ, ముందు ల్యాప్‌టాప్ మూసేసి తెల్లకాగితం తీస్కో. మెమరీలో చోటు అనుకుని ఒక గది గీసి అందులో 5 రాయి, ఆ గది అడ్రస్ 1000 అనుకో. పాయింటర్ అంటే ఇంకో గది, దాంట్లో 5 ఉండదు, 1000 ఉంటుంది, అంతే. ఇప్పుడు ఆ పాయింటర్‌కి 1 కలుపు, 1001 రాదు, 1004 వస్తుంది, ఎందుకంటే మన మామూలు సిస్టమ్స్‌లో ఇంట్‌కి (పూర్ణ సంఖ్య దాచే రకం) 4 బైట్లు, అది తర్వాతి ఇంట్ దగ్గరికి దూకుతుంది. ఈ ఒక్కటి పట్టుకుంటే లింక్డ్ లిస్టులు (ఒక్కో గదిలో తర్వాతి గది అడ్రస్ ఉండే గొలుసులు) కూడా బొమ్మ గీసుకుని చేసేస్తావ్.

జవాబు 2:
ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ కోర్సుల సైట్‌లో ఐఐటీ సార్ల క్లాసులు ఫ్రీగా ఉన్నాయి, చూడు. ల్యాబ్ రికార్డు మాత్రం కాపీ కొట్టకు తమ్ముడూ, నేను కొట్టా, ఇంటర్వ్యూలో లింక్డ్ లిస్ట్ రివర్స్ చెయ్యమంటే చెయ్యి ఆడలేదు, ఇప్పటికీ బాధే.

అడిగినవాడు:
గీశానన్నా! ఇన్‌పుట్ తీసుకునే స్కాన్‌ఎఫ్‌లో ఆ యాంపర్సండ్ (&) ఎందుకో ఇప్పుడు తెలిసింది, విలువ ఎక్కడ పెట్టాలో అడ్రస్ ఇస్తున్నాం కదా.