జీఎస్‌డీ ఉన్న బిడ్డకు ఉపవాస ప్రార్థన రోజు పిండి ఆపవచ్చా?

పర్లాకిమిడి పాఠకుడు:
అందరికీ వందనాలు. రెండేళ్ల బిడ్డ, 10 కిలోలు. పుట్టుకతోనే జీఎస్‌డీ ఒకటో రకం, అంటే గ్లైకోజన్ నిల్వ జబ్బు. 3–4 గంటలకోసారి పచ్చి కార్న్‌ఫ్లోర్ తాగించమన్నారు డాక్టర్లు. శుక్రవారం కూడికలోనేమో "స్వస్థత కావాలంటే ఇల్లంతా ఉపవాసముండాలి, బిడ్డతో సహా" అంటున్నారు. వాక్యం ఏమంటోంది, వైద్యం ఏమంటోంది?

గుణుపురం విశ్వాసి:
యోవేలు 2 చదవండి. ఉపవాసం ప్రకటించినప్పుడు పాలు తాగే పిల్లల్ని కూడా తీసుకురమ్మన్నాడు. నీనెవెలో పశువులు కూడా మేత మానాయి. ఒక్క పూటకు ఏమవుతుంది? డబ్బా పిండి మీద ఉన్న నమ్మకం దేవుని మీద లేకపోతే ఎలా?

పిల్లల వార్డు:
ఒక్క పూటకే అవుతుందండి, అదే ఈ జబ్బు.

మనం తిన్నదాంట్లో కొంత చక్కెర కాలేయంలో గ్లైకోజన్‌గా దాగుతుంది. ఆకలి వేళ అదే రక్తంలోకి వస్తుంది. ఈ పిల్లల్లో ఆ నిల్వను చక్కెరగా విడుదల చేసే ఆఖరి మెట్టు ఎంజైము పనిచేయదు. గాదె నిండా వడ్లున్నా తలుపు తెరుచుకోదు. అందుకే పొట్ట ముందుకొస్తుంది, కాలేయం పెరుగుతుంది, రక్తంలో చక్కెర మాత్రం 70 mg/dL కిందకి పడిపోతుంది. లాక్టేట్ అనే ఆమ్లం రక్తంలో పెరిగి ఊపిరి వేగమవుతుంది. చెమటలు, ఆపైన ఫిట్స్. ఇంకో మోసముంది: మెదడు ఆ లాక్టేట్‌నే కొంత వాడుకుంటుంది కాబట్టి చక్కెర బాగా తగ్గినా బిడ్డ ఆడుకుంటూనే కనిపించవచ్చు. "హుషారుగానే ఉన్నాడుగా" అనుకోకండి, గ్లూకోమీటరు పెట్టి చూడండి.

చిన్నపిల్లలకు మామూలు లెక్క కిలోకు 1.6 గ్రాములు, అంటే 10 కిలోల బిడ్డకు పూటకు 16 గ్రాములు. మీ డాక్టరు రాసిందే ఖాయం. చెంచా కొలత నమ్మకండి, చిన్న త్రాసు కొనండి. కొనాల్సింది తెల్లటి కార్న్‌ఫ్లోర్, పసుపు మొక్కజొన్న పిండి కాదు. మామూలు నీళ్లలో అప్పటికప్పుడు కలపాలి. ఉడికిస్తే, నిమ్మరసం పిండితే పిండి తొందరగా అరిగిపోయి గంటల తరబడి నిలవదు. అందుకే చోళ్ల అంబలి దీనికి బదులు కాదు. పాలు, తేనె, పళ్లు, పంచదార ఈ రకంలో హద్దులోనే ఉండాలి. సండే స్కూలు చాక్లెట్లూ అంతే, పంచేవాళ్లకు ముందే చెప్పండి.

చక్కెర పడితే, తెలివి ఉంటే ముందు గ్లూకోజ్ పొడి నీళ్లు, వెంటనే పిండి. తెలివి లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి, డెక్స్‌ట్రోజ్ సెలైను పెట్టాలి. కాలేయంలో దాగిన చక్కెరను బయటికి తెప్పించే గ్లూకగాన్ ఇంజెక్షను ఈ జబ్బులో పనిచేయదు. వాంతులై పిండి నిలవకపోయినా ఆసుపత్రికే.

బరంపురం దైవసేవకుడు:
బ్రదర్, యోవేలు పిల్లల్ని సమకూర్చమన్నాడు గాని పాలు మాన్పించమనలేదు. దావీదు రోగి అయిన బిడ్డ కోసం ఉపవాసమున్నాడు (2 సమూయేలు 12). ఉన్నది తండ్రి, బిడ్డ కాదు. యాయీరు కూతుర్ని లేపాక ప్రభువు చెప్పింది ఏమిటి? ఆమెకు తినడానికి పెట్టమని (మార్కు 5:43). నూనె రాచి ప్రార్థించమన్న యాకోబు 5 కూడా తిండి మాన్పమని చెప్పదు.

గుణుపురం విశ్వాసి:
సరే, తిండి సంగతి ఒప్పుకుంటాను. మరి ఇలాంటి బిడ్డ ఎందుకు పుట్టినట్టు? నిర్గమకాండం 20లో తండ్రుల దోషం మూడు నాలుగు తరాల దాకా అని ఉంది. ఆ ఇంట్లో ముందు ఒప్పుకోలు జరగాలి.

బరంపురం దైవసేవకుడు:
యెహెజ్కేలు 18:20లో కుమారుడు తండ్రి దోషాన్ని మోయడని ఉంది. పుట్టు గుడ్డివాడి విషయంలో శిష్యులు అడిగింది మీ ప్రశ్నే. వాడూ కాదు, కన్నవారూ కాదు అన్నాడు యేసు (యోహాను 9:3). బిడ్డను ఒళ్లో పెట్టుకున్న తల్లిని సంఘం ముందు నిలబెట్టి ఒప్పుకోమనడం నా దృష్టిలో క్రూరత్వం.

పిల్లల వార్డు:
తల్లిదండ్రులిద్దరిలో చెరో లోపపు జన్యువు ఉండి ఉంటుంది, వాళ్లకేమీ తెలియదు, ఆరోగ్యంగానే ఉంటారు. ప్రతి కాన్పులో 25 శాతం అవకాశం. మేనరికంలో ఇద్దరికీ ఒకే తాత జన్యువు వచ్చే వీలు ఎక్కువ. లేవీయకాండం 18 మేనరికం మాట ఎత్తదు, నిజమే, కానీ పెళ్లి ప్రకటన చదివే ముందు సంఘాలు ఈ సంగతి చెబితే మంచిది. మరో కాన్పు అనుకునేవాళ్లు ముందే జబ్బున్న బిడ్డకు జన్యు పరీక్ష చేయించుకోవాలి, ఆ ఫలితం లేకుండా గర్భంలో పరీక్షకు ఆధారం ఉండదు. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద గుర్తించిన పెద్ద కేంద్రాల్లో హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రి ఒకటి. అర్హత ఉంటే 50 లక్షల దాకా సాయం ఉంది.

గుణుపురం విశ్వాసి:
దోషం మాట మీద నాకింకా సందేహం ఉంది, ఉండనివ్వండి. కానీ జబ్బు పేరు చెప్పి కూడికలే మానేస్తారేమోనని నా బాధ.

పర్లాకిమిడి పాఠకుడు:
మానరండీ. రాత్రంతా ప్రార్థనకు ఏం తీసుకెళ్లాలి?

పిల్లల వార్డు:
తూచి కట్టిన పొట్లాలు రెండు ఎక్కువ, నీళ్ల సీసా, గ్లూకోమీటరు, గ్లూకోజ్ పొడి, డాక్టరు చీటీ. ఫోనులో అలారం ఇద్దరి దగ్గరా ఉండాలి. పాటల హోరులో ఒకరిది వినబడదు, రాత్రి రెండు గంటలకు ఇచ్చే పూట తప్పేది అక్కడే. చలికాలంలో రాయగడ వైపు ఎవరో ఒకరు ప్రేమకొద్దీ వేడినీళ్లలో కలిపి ఇస్తారు, వద్దని ముందే చెప్పి ఉంచండి.