ఐదో తరగతి సైన్సుకి తాతయ్య కార్తెలు అడ్డమా?

ప్రశ్న (గుంటూరు):
మా బాబుకి బడిలో నీటి చక్రం చెప్తున్నారు, ఇంట్లో మా నాన్న మృగశిర కార్తె, ఆరుద్ర కార్తె అంటూ వానల లెక్కలు చెప్తున్నారు. రెండూ వింటే వాడు తికమకపడతాడేమోనని టెన్షన్‌గా ఉందండీ.

జవాబు (విజయవాడ):
అస్సలు పడడు. సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నాడో చూసి వేసిన లెక్కే కార్తె. మొత్తం 27, ఒక్కోటి 13, 14 రోజులు. మృగశిర జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది, నైరుతి రుతుపవనాలు మనదాకా వచ్చేదీ దాదాపు అప్పుడే. వాన పడిందో లేదో రోజూ నోట్‌బుక్‌లో రాయించి, తాతయ్య చెప్పిందాంతో పోల్చమనండి.

ఇంకో జవాబు:
నేను టీచర్ని. క్లాసుకి నల్లరేగడి గడ్డ తీసుకెళ్తాను, తడిపితే ఉబ్బి వేళ్లకి అంటుకుంటుంది, ఎండితే పగుళ్లిస్తుంది. తేమ పట్టి ఉంచుతుందనే అందులో పత్తి వేశారు మనవాళ్లు. మీ నాన్నగారిని ఒకరోజు బడికి పంపండి, పిల్లలు వదలరు.