ఎన్‌పీటెల్‌లో సైకాలజీ వింటున్నా, పరీక్ష ఫీజు కట్టమంటారా?

అందరికీ నమస్తే. బీకాం అయ్యాక పదేళ్లు పుస్తకం ముట్టలేదు. ఇప్పుడు పిల్లలు పడుకున్నాక కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల సైటు స్వయం పోర్టల్‌లో ఎన్‌పీటెల్ (ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఆన్‌లైన్ కోర్సులు) వాళ్ల సైకాలజీ కోర్సు వింటున్నా, 12 వారాలది. ఉచితమే, కానీ పాఠాలన్నీ ఇంగ్లిష్‌లో. అరగంట వీడియోకి నాకు గంటన్నర పడుతోంది.

పావ్‌లోవ్ అనే శాస్త్రవేత్త ప్రయోగంలో, తిండికి ముందు వినిపించే చప్పుడుకే కుక్క చొంగ కార్చే పాఠం మూడుసార్లు విన్నా బుర్రకెక్కలేదు. మర్నాడు పొద్దున పాలు పితకడానికి బకెట్ తీశానో లేదో, ఆ చప్పుడుకే మా గేదె చేపేసింది. ఓహో, ఇదేనా అనిపించింది! నోట్సులో కుక్కను కొట్టేసి గేదె అని రాసుకున్నా.

సర్టిఫికెట్ కావాలంటే 1000 రూపాయలు కట్టి, సెంటర్‌కి వెళ్లి రాయాలి. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. అసైన్‌మెంట్లలో 10, పరీక్షలో 30 తప్పకుండా రావాలి. మొదటిదానికి భయం లేదు, రెండోదే టెన్షన్.

రాసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ప్రశ్నలు అసైన్‌మెంట్ల తరహాలోనే వస్తాయా, లేక తిప్పి అడుగుతారా? ఈ సైకాలజీ పదాలన్నీ తెలుగులో వివరించే డిగ్రీ స్థాయి పుస్తకం ఏదైనా ఉందా? ఫీజు గడువు దగ్గరికొచ్చేసింది, మా ఆయన్ని డబ్బు అడిగే ముందు తెలుసుకుందామని.